మామ్మ నోట్లోని నిప్పు

చుట్ట తాగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. అంటించిన కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, ఏమీ ఎరగనట్టు వల బాగుచేసుకునే ఆడవాళ్ళని చూడాలంటే మాత్రం వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటుకి రావాలి. దాన్ని అడ్డపొగ అంటారు. నిప్పు లోపల, చల్లటి కొస బయట. చూసేవాళ్ళకి అది ఎప్పుడో ఆరిపోయిన చుట్టలాగే కనిపిస్తుంది.

మొన్న మంగళవారం పొద్దున్నే ఫోను మోగింది. "నర్సమ్మగారండీ, మామ్మ పోయిందండీ. నిద్దట్లోనే పోయింది" అంది అవతలినించి ఆవిడ మనవరాలు. ఏడ్చి ఏడ్చి ఆగిన గొంతు. వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను గానీ, పొయ్యి మీద పాలు పొంగి పారుతున్నా కదల్లేకపోయాను. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం, ఆవిడ గంగమ్మకి మొక్కుకునేది. మా నాన్నగారు బడిపంతులు, ఆవిడది వేలిముద్ర. అయినా ఆ పూట మా ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆ పల్లెలో ఆవిణ్ణి పేరుతో పిలిచిన మనిషి నాకు తగల్లేదు కూడా. చిన్నా పెద్దా అందరికీ మామ్మే.

నేను నర్సుని. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఆ పల్లెకి వెళ్ళాను. పడవ దిగేసరికి రేవులో ఒక ముసలావిడ ఎండుచేపలు తిరగేస్తోంది. నోట్లో ఆరిపోయిన చుట్ట ముక్క. కొత్త ఉద్యోగం, కొత్త ఉత్సాహం. దగ్గరికి వెళ్ళి, "మామ్మగారూ, పొగాకు నమలడం మంచిది కాదండీ" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. చేతులు చీరకి తుడుచుకుని, నోట్లోంచి చుట్ట తీసి, ఎర్రగా కాలుతున్న కొసని నా ముక్కు దగ్గర పెట్టింది.

"నమల్తే నోరు కాలదాండీ?" అంది.

నేను కెవ్వుమన్నాను. ఆవిడ నవ్విన నవ్వుకి రేవంతా ఇటు తిరిగింది. అలా మొదలైంది మా పరిచయం.

చుట్ట నోట్లో ఉండగానే ఆవిడ పెదాలు కదపకుండా మాట్లాడేది, బేరాలు ఆడేది, మనవరాల్ని తిట్టేది. పొగ మాత్రం ఎడమ మూతి మూలనించి సన్నగా వచ్చేది. పెద్దమనుషులెవరైనా ఎదురైతే పక్కకి తిరిగి, చుట్ట తీసి, గుప్పిట్లో దాచుకునేది. నిప్పు అరచేతి వైపే ఉండేది. కాలదా అని అడిగితే, "మనం పట్టుకునే దాన్నిబట్టి ఉంటదండీ" అనేది. దూరాన్ని కూడా చుట్టల్లోనే చెప్పేది. ఈ రేవునించి ఆ పల్లెకి రెండు చుట్టలు. సంతకి మూడు. అమలాపురం ఎంతుంటుందని ఒకసారి అడిగితే కాసేపు ఆలోచించి, "అంత దూరం తాగితే నేను బతకనండీ" అంది.

ఈ అడ్డపొగ ఎందుకు పుట్టిందో చెప్పింది కూడా ఆవిడే. ఏటిలో గాలి. వల లాగుతుంటే చేతులు తడి. పైనించి నీళ్ళ తుంపర్లు. బయట పెట్టుకున్న నిప్పు ఒక్క అల చాలు, చస్తుంది. "గాలికి నిప్పు చూపించకూడదండీ. చూపిస్తే తినేసి పోద్ది" అనేది.

నాకు ఇవన్నీ ముచ్చటగానే ఉండేవి గానీ, ఆ ముచ్చట వెనక అంగిలి మీద వచ్చే తెల్లమచ్చలు, వాటి వెనక వచ్చే పుండ్లు తెలిసినదాన్ని. నాకు పట్టుదల జాస్తి. మా ఆయన దాన్ని ఉడుంపట్టు అంటాడు. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ గుమ్మంలో కూర్చుని, "నోరు తెరవండి మామ్మా" అనేదాన్ని. ఆవిడ దగ్గర సాకులకి కొదవ లేదు. "లోపల పొయ్యి మీద కూరుందండీ, దింపేక చూద్దురుగాని" అనేది. ఇంకోసారి, "ఉన్నవే నాలుగు పళ్ళు. మీరు లెక్కెడితే అవి కూడా సిగ్గుతో రాలిపోతాయి" అనేది. పక్కన ఆవిడ జోడు ముసలావిడ ఒకావిడ ఉండేది, ఎదురింటావిడ. ఆవిడదీ అడ్డపొగే. నన్ను చూడగానే చుట్ట గుప్పిట్లో దాచేసి, గోడవైపు తిరిగి కూర్చునేది. మామ్మ మాత్రం దాచేది కాదు. ఎదురుగా కూర్చుని పొగ వదిలేది.

ఒక్కసారి, ఆవిడ ఆవులించినప్పుడు చూశాను. అంగిలి మీద తెల్లటి పొర, మధ్యలో ఎర్రటి చుక్కలు. ఆ రోజునించి నా గొడవ ఇంకా ఎక్కువైంది. నోటి పుండ్ల బొమ్మలున్న రంగు కాగితాలు కట్టలుగా తెచ్చి ఇంటింటికీ పంచాను. ఆవిడ వాటిని ఎండుచేపల బుట్ట అడుగున పరిచింది.

నాలుగేళ్ళ కిందట కార్తీకం చివర్లో ఒక బుధవారం జరిగింది ఇప్పుడు చెప్పాలి.

ఆవిడ మనవరాలు అమలాపురం ఆసుపత్రిలో ప్రసవించింది. తల్లీతండ్రీ లేని పిల్ల, మామ్మ చేతులమీద పెరిగింది. ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ, దోసెడు పిల్ల. నాలుగో రోజు ఇంటికి పంపేశారు. ఆ రోజే నాకు ఆ పల్లెలో టీకాలు ఉన్నాయి. అందరం ఒకే పడవలో వెళ్ళొచ్చని అనుకున్నాం. రేవులో ఆటో దిగేసరికి మామ్మ తూర్పుకేసి చూసి చుట్ట వెలిగించుకుంది. వెలిగించి తిరగేసింది.

"ఈ పూట వద్దండీ. గాలి తిరుగుతుంది. రేపెళదాం" అంది.

నేను ఫోను తీసి చూపించాను. వాన రేపు సాయంత్రానికని ఉంది. టీకాల పెట్టె భుజాన వేలాడుతోంది, లోపల మంచు బిళ్ళలు కరుగుతాయి, అవతల పిల్లలు ఎదురు చూస్తుంటారు. "బుధవారం ఆగదు మామ్మా. అరగంటలో అవతల ఉంటాం" అన్నాను. పడవతను తల గోక్కుని, "ఆయ్, నర్సమ్మగారు ఎలాగంటే అలాగే" అన్నాడు. మామ్మ పెదాలు బిగించి, మనవరాలి చెయ్యి పట్టుకుని పడవెక్కింది. ఆ బుధవారం తప్పు నాది. ఇప్పటికీ నాదే.

మొదటి చుట్ట అయిపోయి, ఆ కొసతోనే రెండోది అంటించుకునేసరికి గాలి వచ్చి పడింది. అల ఒకటి పడవ మీదనించి దూకింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పడవ అడ్డంగా కొట్టుకుపోయి మడ అడవి అంచున బురదలో కూరుకుంది. ఆ మడ చెట్ల మధ్య మనుషులు తిరిగే దారి లేదు. కాస్త లోపలికి ఎత్తుగా ఒక ఇసక దిబ్బ కనిపించింది. పడవతను పసిదాన్ని రెండు చేతులా తలమీదికి ఎత్తి పట్టుకున్నాడు. మేము ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని, నడుం లోతు బురదలోంచి దిబ్బ ఎక్కాం. ఎక్కుతుండగానే వాన. ఎంతోసేపు కురవలేదు గానీ, మమ్మల్ని తడపడానికి అది చాలు. తర్వాత వాన ఆగింది, గాలి ఆగలేదు.

నా సంచి, అందులో ఫోనూ నీళ్ళపాలయ్యాయి. పడవతని ఫోనులో సిగ్నలు లేదు. మేమక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం మూడు దాటింది, కార్తీకంలో పొద్దు ఎంతసేపు నిలుస్తుంది గనక.

పసిది ఏడుపు ఆపేసింది. నర్సుకి అంతకన్నా భయం ఇంకోటి లేదు. అరికాళ్ళు ముట్టుకుంటే చేపని ముట్టుకున్నట్టు ఉన్నాయి. తడిగుడ్డలు తీసేసి, బిడ్డని తల్లి గుండెకి ఆనించి, టీకాల పెట్టెలో కాగితాలు పెట్టుకున్న పెద్ద ప్లాస్టిక్ సంచి చింపి ఇద్దరి మీదా గాలి తగలకుండా కప్పాను. నాకు నేర్పింది అదే. కానీ తల్లి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆమె ఒంట్లో వేడి ఉంటేనే కదా బిడ్డకి పోయేది.

"నిప్పు కావాలి" అన్నాను. అనడం తేలికే.

మాది తాటిపాక వైపు. మా పెరట్లో నిలబడితే కొబ్బరి తలలమీదుగా గ్యాసు బావి దగ్గర మండే మంట కనిపించేది. ఎవరూ ఊదకుండా, వానొచ్చినా ఆరకుండా అది వెలుగుతూనే ఉండేది. ఆ వెలుగులో పెరిగినదానికి, నిప్పు పుట్టించడం ఒక పని అని ఎలా తెలుస్తుంది? తడిసిన లైటరు నొక్కి నొక్కి పడవతని బొటనవేలు కందిపోయింది. "డీజిలుందండీ" అన్నాడు, మళ్ళీ తనే, "ఉండి ఏం లాభం, అంటించడానికి లేకపోయాక. అదీ నీళ్ళ కిందే ఉంది" అన్నాడు. నేను మోకాళ్ళమీద కూర్చుని ప్రార్థన మొదలెట్టాను. నా చేతిలో ఉన్నది చలిని కాపాడే పెట్టె. ఆ సమయానికి అంతకన్నా పనికిమాలిన వస్తువు ఈ లోకంలో లేదు.

అప్పుడు మామ్మ నా భుజం తట్టింది. కుడిచేతి వేలితో తన బుగ్గ మీద రెండుసార్లు కొట్టి చూపించింది.

అడ్డపొగ! అల మీదపడినా, నడుం లోతు బురదలో నడిచినా, వానలో తడిసినా, ఆవిడ నోరు తెరవలేదు. మేమంతా అరుస్తుంటే ఆవిడ ఒక్కతీ అరవలేదు. బొడ్లోని మిగతా చుట్టలు తడిసి ముద్దయ్యాయి. నోట్లోది మాత్రం, బయటికి బొటనవేలంత మిగిలి, ఇంకా కాలుతోంది.

పడవతనూ నేనూ చెరోవైపు పరిగెత్తాం. పోటుకి కొట్టుకొచ్చిన చెత్త దిబ్బ చుట్టూ గట్టుకట్టి ఉంది. అందులో కొబ్బరి డొక్కలు, కాయ ఒలిచిన పీచు తొక్కలు, బోలెడు. కోనసీమలో పుట్టినవాళ్ళకి పొయ్యి అంటే డొక్కే కదా. మా అమ్మ డొక్కతో కాచిన నీళ్ళతోనే మేమందరం పెరిగాం. ఇద్దరం ఒడి నిండా ఏరుకొచ్చి ఆవిడ ముందు కుప్ప పోశాం, గొప్ప పని చేసినట్టు. ఆవిడ ఒక డొక్క తీసి, మా కళ్ళెదురుగా గుడ్డ పిండినట్టు పిండింది. ధారగా నీళ్ళు కారాయి. ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

చుట్ట నోట్లో ఉంచుకునే చేత్తో చూపించింది. ఒలవని కాయ. పైతొక్క చెడకుండా తేలుతూ వచ్చిన కాయ. నేను ఒకటి తెచ్చాను. చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ళ చప్పుడు విని అవతల పారేసింది. రెండోదీ అంతే. మూడోది ఊపితే లోపల ఏదో గుండు దొర్లినట్టు వినిపించింది. కురిడీ. నీరింకిపోయి, లోపల కొబ్బరి ఎండి, చిప్పనించి ఊడిన కాయ. ఆవిడ కళ్ళు మెరిశాయి. పడవతని కత్తితో పైతొక్క చీలిస్తే అది తడి, దాని కింద చెమ్మ, ఇంకా కింద, చిప్పని అంటుకుని ఉన్న పీచు పొడి పొడిగా ఉంది. ఆ పీచుని ఆవిడ రెండు అరచేతుల మధ్యా నలిపి నలిపి జుట్టంత సన్నగా చేసింది. కాయ పగలగొట్టించి, అరచిప్పలో పిచ్చిక గూడులా సర్దింది. ఎండిన కొబ్బరిని పడవతని చేత సన్నటి ముక్కలు కోయించింది. మడ చెట్ల మీదే ఎండి నిలిచిన పుల్లలు విరిపించింది. నేలమీద పడ్డవి ముట్టుకోనివ్వలేదు. ఇదంతా చెయ్యి ఊపుతూ, కళ్ళతో గదుముతూ. ఒక్క మాట లేదు. మాటకో పీల్పు పోతుందని ఆవిడ లెక్క.

నేను నా వంతుగా, ప్లాస్టిక్ సంచిలో ఉండబట్టి పొడిగా మిగిలిన నా రంగు కాగితాలు అందించాను. ఆవిడ ఒకటి తీసుకుని, వేళ్ళతో నులిమి, తల అడ్డంగా ఊపింది. నున్న కాగితం అంటుకోదట. ఇన్నేళ్ళూ నేను పంచింది అలాంటి కాగితం.

గాలి వచ్చే వైపు టీకాల పెట్టె అడ్డం పెట్టాను. ఆవిడ చుట్ట బయటికి తీసింది. ఎర్రటి మొన. గోటితో ఆ మొనలో సగం గిల్లి పీచులో వేసి, మిగతాది మళ్ళీ నోట్లో పెట్టేసుకుంది. పొగ లేచింది. నాకు ఆగలేదు. వంగి, బుగ్గలు పూరించి, బలంగా ఊదాను.

పీచు చెదిరింది. నిప్పు మొన ఎగిరి తడి ఇసకలో పడి చుయ్యిమంది.

బయలుదేరమన్నది నేను, ఇప్పుడు ఆర్పింది కూడా నేనే. ఏడుస్తూ "క్షమించండి మామ్మా" అన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, తీసుకెళ్ళి నా చంకల్లో పెట్టింది. అప్పుడు మాట్లాడింది, పెదాలు కదపకుండా. "అంతా ఒకేసారి ఇస్తానేటండీ? అవతలికి జరగండి. ప్రార్థన చేసుకోండి."

చెదిరిన పీచు మళ్ళీ నలిపింది. చుట్ట ఇప్పుడు గోరంత. అదంతా తీసి గూడు మధ్యలో పెట్టి, పీచుతో కప్పి, చిప్పని రెండు చేతులతో మొహం దగ్గరికి ఎత్తుకుంది. ఊదలేదు. ఊపిరి వదిలిందంతే. సన్నగా, పొడుగ్గా, ఆగకుండా. నలభై యాభై ఏళ్ళు నిప్పుని నోట్లో పెట్టుకుని, ఎంత గాలి ఇస్తే బతుకుతుందో ఎంత ఇస్తే కాలుస్తుందో తెలిసిన మనిషి ఊపిరి అది. పొగ పలచగా వచ్చింది. చిక్కబడింది. పసుపు పచ్చగా మారింది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, రెప్ప వెయ్యలేదు. బిడ్డని గుండెకి హత్తుకుని వణుకుతున్న మనవరాలు కూడా ఆ చిప్ప మీదనించి చూపు తిప్పలేదు.

భుగ్గుమని మంట లేచింది.

పడవతను సంతోషం పట్టలేక మోపెడు కర్ర తెచ్చి మీద పడేయబోయాడు. ఆవిడ మోచేత్తో ఒక్కటి పొడిచింది. నోరు ఖాళీ అయింది కదా, మాటలు వచ్చాయి. "పుట్టగానే పప్పన్నం పెడతారేటయ్యా? ముందు కొబ్బరి ముక్క. తర్వాత పుల్ల. తర్వాత నువ్వూ నీ మోపూ!" కొబ్బరి ముక్కలు నూనె కక్కుతూ దీపాల్లా మండాయి. పుల్లలు అంటుకున్నాయి. చిప్పలు అంటుకున్నాయి. మడ కర్ర అంటుకున్నాక ఇక భయం లేదంది. నా రంగు కాగితాల కట్ట నా చేతికే ఇచ్చి, "ఇప్పుడు విసరండి. దీనికి పనికొస్తాయి" అంది.

మనవరాలి వీపు మంటకి ఆనించినట్టు కూర్చోబెట్టాం. చీర కొంగు ఆరబెట్టి, వెచ్చగా కాచి, బిడ్డకి చుట్టాం. ఆరబెట్టడం, మార్చడం, మళ్ళీ ఆరబెట్టడం. ఎంతసేపయిందో తెలియదు. పసిది మొహం ముడుచుకుంది. నోరు తెరిచింది. పిల్లి కూతలాంటి ఒక కూత, దాని వెనకే ఏడుపు, ఆకలి ఏడుపు, హక్కుగా ఏడ్చే ఏడుపు. నేను కూడా ఏడ్చాను. మామ్మ ఏడవలేదు. డొక్కల కుప్పకేసి చూసింది.

"ఇప్పుడు తెండి మీ డొక్కలు" అంది.

తడి డొక్కలు మంట మీద పడగానే తెల్లటి పొగ మడ చెట్లకి మించి లేచి, గాలికి పల్లె వైపు వంగింది. నీళ్ళు తాగిన డొక్క మండదు గానీ, పొగపెట్టడంలో దాన్ని మించింది లేదు. దీపాలు పెట్టే వేళకి ముందే రెండు పడవలు వచ్చాయి. పల్లెలో ఆ పొగని ముందు చూసింది ఎదురింటి ముసలావిడేనట.

నెలన్నర తర్వాత ఆ పసిదానికి టీకా వేయడానికి మళ్ళీ ఏరు దాటాను. దారిలో గట్టిగా నిర్ణయించుకున్నాను, ఇక ఆవిణ్ణి ఏమీ అనకూడదని. ఏ మొహం పెట్టుకుని అంటాను? ఆ చుట్ట లేకపోతే ఆ బిడ్డ లేదు. గుమ్మంలో కూర్చుని, తలొంచుకుని కార్డు రాస్తున్నాను. ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కూర్చుని, నేను అడక్కుండానే, నోరు బార్లా తెరిచింది.

"చూడండి" అంది.

చూశాను. ఆ రోజు సాయంత్రం ఇంటికి చేరాక, తడిసిన చుట్టలు, అటకమీది పొగాకు కట్ట, అన్నీ పొయ్యిలో పెట్టి పసిదానికి నీళ్ళు కాచిందట. మళ్ళీ ముట్టుకోలేదు.

"ఎలా మానేశారు మామ్మా?" అన్నాను నమ్మలేక.

"దాని పనయిపోయిందండీ" అంది. "ఇన్నేళ్ళూ ఎందుకు మోసేనో ఆ రోజు తెలిసింది. పనయిపోయేక మోసేదాన్ని పిచ్చిదంటారు."

చెప్పినంత తేలికేమీ కాలేదు. నోట్లో చింతగింజ పెట్టుకుని ఆ బుగ్గా ఈ బుగ్గా తిప్పుతూ ఉండేది. మాట మధ్యలో చెయ్యి దానంతటది మూతి దగ్గరికి వెళ్ళేది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించేది, అల్లరిపిల్లని దించినట్టు. నేనే తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించాను. మచ్చ పలచబడుతోందన్నారు. తర్వాతి ఏడాది ఇంకా పలచబడింది. అయినా దూరాలు మాత్రం చుట్టల్లోనే చెప్పేది. "మానేసింది తాగడం కదండీ, కొలత కాదు కదా" అనేది.

మొన్న మంగళవారం నేను చేరేసరికి చినుకులు, సముద్రపు గాలి. వాకిట్లో ఆవిణ్ణి పడుకోబెట్టారు. నోరు మూసి ఉంది. అన్నీ సిద్ధం చేసినా నిప్పు కుండ దగ్గర ఆగిపోయింది వ్యవహారం. కుండ ముందు నలుగురు మగవాళ్ళు గొంతుక్కూర్చుని పుల్ల మీద పుల్ల గీస్తున్నారు. చెమ్మకి సగం పుల్లలు వెలగవు, వెలిగినవి గాలికి ఆరిపోతాయి. లోపల గ్యాసు పొయ్యి ఉంది గానీ, శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటి పొయ్యిలో నిప్పు చావుకి ఇవ్వరు. కిరసనాయిలు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమని ఎవరో కేకేస్తున్నారు.

మనవరాలు శవం దగ్గరనించి లేచింది. పెరట్లోకి వెళ్ళి ఒక ముదురు కాయ తెచ్చింది. చెవి దగ్గర పెట్టి ఊపింది. కత్తితో చీల్చి, లోపలి పీచు తీసి, అరచేతుల మధ్య నలిపింది. చిప్పలో గూడు కట్టింది. ఆ చిప్ప పట్టుకుని తిన్నగా గోడ పక్కన కూర్చున్న ఎదురింటి ముసలావిడ దగ్గరికి వెళ్ళింది. నన్ను చూసి ఆవిడ అప్పటికే చుట్ట మీద గుప్పిట మూసేసింది.

"నిప్పెట్టు మామ్మా" అంది మనవరాలు, చిప్ప చాపి.

ఆవిడ చిప్పకేసి చూడలేదు. భయంభయంగా నాకేసి చూసింది. ఆ వాకిట్లో ఉన్నవాళ్ళందరూ కూడా నాకేసే చూశారు.

"ఇవ్వండి" అన్నాను.

గుప్పిట విప్పింది. ఎర్రటి మొన గిల్లి పీచులో వేసింది. మనవరాలు గాలికి వీపు పెట్టి, చిప్ప ఎత్తుకుని, ఊదకుండా ఊపిరి వదిలింది. సన్నగా, పొడుగ్గా. నాలుగేళ్ళ కూతురు కుచ్చెళ్ళు పట్టుకుని, తల్లి ఏం చేస్తోందో నిక్కి నిక్కి చూస్తోంది. పొగ చిక్కబడింది. మంట లేచింది. కుండ నిండింది. మగవాళ్ళు మామ్మని భుజాలకెత్తుకుని చినుకుల్లోనే సాగిపోయారు, ముందు ఆ కుండ పొగలు కక్కుతూ.

వాళ్ళు కనుమరుగయ్యేదాకా నిలబడి, కళ్ళు తుడుచుకుని, వెళ్ళి ఎదురింటి ముసలావిడ ఎదురుగా నేలమీద కూర్చున్నాను. ఆవిడ అప్పుడే చుట్ట తిరిగి నోట్లో పెట్టుకోబోతోంది.

"నోరు తెరవండి" అన్నాను.

"ఈ పూటేనాండీ?" అంది, కళ్ళనిండా నీళ్ళతో.

"ఈ పూటే."

చుట్ట ఇసకలో గుచ్చి, నోరు తెరిచింది. నేను ఫోను తీసి లైటు వేశాను.